సెప్టిమా క్లార్క్

అమెరికా సంయుక్త రాష్ట్రములలో దక్షిణ కెరొలైనా యొకటి. అచ్చటి చార్లెస్టన్ నగరమున 1898వ సంవత్సరము మే నెల 3వ తేదీన సెప్టిమా జన్మించెను. ఆమె తండ్రి బానిసగా పుట్టినవాడు. తల్లి ఇతరుల బట్టలుతికి సంసారము గడుపుచు, బిడ్డల చదువును మాత్రము మాననీయలేదు.

ఆ కాలమున చార్లెస్టన్ నగరపు ప్రభుత్వ పాఠశాలలలో నల్లజాతివారిని ఉపాధ్యాయులుగా నియమించెడివారు కారు. అందుచే 1916లో, తన పదునెనిమిదవ యేట, సెప్టిమా సమీపముననున్న జాన్స్ దీవికి పోయి ఉపాధ్యాయిని యయ్యెను. ఆ బడిలో నూరుమందికి పైగా పిల్లలు, చెప్పువారు ఇద్దరే. ఆమె నెలజీతము 35 డాలర్లు. అదే దీవిలో కొలదిమంది తెల్లపిల్లలకు పాఠము చెప్పు ఉపాధ్యాయినికి 85 డాలర్లు! అయినను ఆమె విసుగు చెందక, పగలు పిల్లలకును, రాత్రులందు పెద్దలకును చదువు చెప్పెను.

1920లో ఆమె నీరీ క్లార్క్ అను నావికుని వివాహమాడెను. ఐదేండ్లకే అతడు మరణించెను. పిమ్మట ఆమె కొలంబియా నగరమున పనిచేయుచు, చదువురాని సైనికులకు జీతపు పట్టికలో చేవ్రాలు చేయుట నేర్పెను.

రాజ్యాంగము నల్లజాతివారి ఓటుహక్కును అంగీకరించినను, దక్షిణ రాష్ట్రములు దానికి అడ్డుగోడలు కట్టినవి. చెప్పుకొనదగిన ఆస్తి లేనివాడు ఓటరుగా చేరవలెనన్నచో, రాష్ట్ర రాజ్యాంగములోని కొంత భాగమును చదివి చూపి, పత్రముపై సంతకము చేయవలెను. తరతరములుగా చదువునకు దూరము చేయబడిన వారికి ఇది దాటరాని గోడ. పేరునకు బదులు అడ్డగీతల గుర్తు పెట్టువారికి ఓటు లేదు. ఓటు లేనివారి మొర వినువారు లేరు.

1956లో ఆ రాష్ట్రము, నల్లజాతివారి హక్కులకై పోరాడు సంఘమున ప్రభుత్వోద్యోగులు సభ్యులుగా నుండరాదని శాసించెను. సెప్టిమా తన సభ్యత్వమును దాచలేదు, విడువనులేదు. నలువది యేండ్ల కొలువు పోయెను. పింఛను కూడ దక్కలేదు. ఆమెతో కలిసి ఫోటో దిగుటకు సైతము కొందరు మిత్రులు జంకిరి. కాని ఆమె క్రుంగిపోలేదు. టెన్నెసీ రాష్ట్రమున పెద్దలకు శిక్షణ నిచ్చు హైలాండర్ పాఠశాలలో చేరెను.

జాన్స్ దీవి నుండి చార్లెస్టనుకు బస్సు నడుపు ఈసా జెంకిన్స్, తన ప్రయాణికులకు చదువు నేర్పవలెనని కోరెను. 1957 జనవరి 7వ తేదీన ఆ దీవిలో ఒక దుకాణము వెనుకగదిలో రాత్రిబడి వెలసెను. ముందు దుకాణ ముండుటచే వెనుక బడి యున్నదని తెల్లవారికి అనుమానము కలుగలేదు. ఉపాధ్యాయినిగా సెప్టిమా తన బంధువగు బెర్నీస్ రాబిన్సన్‌ను ఎన్నుకొనెను. బెర్నీస్ కేశాలంకరణ చేసి జీవించునది. బోధనలో శిక్షణ లేనిది. పెద్దలను చిన్నచూపు చూడదనియే సెప్టిమా ఆమెను కోరి నియమించెను.

తొలిరాత్రి పదునలుగురు వచ్చిరి. బెర్నీస్ పసిపిల్లల పుస్తకములను ప్రక్కకు నెట్టి, మీకేమి నేర్వవలెనని యున్నదని వారినే అడిగెను. తమ పేరు వ్రాసికొనుట, బిడ్డల ఉత్తరములు చదువుకొనుట, మనియార్డరు పత్రము నింపుట – ఇవియే వారి కోరికలు. ప్రతివాని పేరును అట్టముక్కపై పెద్ద అక్షరములతో వ్రాసి యిచ్చిరి. వారు ఆ అక్షరముల వెంట పెన్సిలును మరల మరల త్రిప్పుచు చేతికి అలవాటు చేసికొనిరి. నాగలి పట్టిన చేతుల బిగువునకు పెన్సిళ్లు విరిగిపోయెడివి. సెప్టిమా తొందరపడలేదు. విరిగినదానికి బదులు వేరొక పెన్సి లిచ్చుటయే తగిన పని యని ఆమె యెరుగును. కొలది నెలలలో వారిలో పలువురు ఓటర్లుగా చేరిరి.

ఈ బడులు చుట్టుపట్ల దీవులకును, 1961 తరువాత మార్టిన్ లూథర్ కింగ్ సంస్థ ఆధ్వర్యమున దక్షిణ రాష్ట్రము లన్నిటికిని వ్యాపించినవి. రైతులు, కుట్టుపనివారు, వంటవారు శిక్షణ పొంది తమ యిరుగుపొరుగువారికి గురువులైరి. 1964లో కింగ్ నోబెల్ శాంతి బహుమతి నందుకొన ఓస్లో నగరమునకు పోవుచు సెప్టిమాను వెంట గొనిపోయెను. 1965లో వచ్చిన ఓటుహక్కు చట్టము ఆ రాష్ట్రములలో చదువు పరీక్షను నిలిపివేసెను.

1975లో, ఒకనాడు తన్ను కొలువునుండి తొలగించిన చార్లెస్టన్ నగరముననే, ఆమె పాఠశాలల పాలకమండలికి సభ్యురాలిగా ఎన్నికయ్యెను. మరుసటి యేడు ఆమె పింఛను హక్కును ప్రభుత్వము గుర్తించెను. 1987 డిసెంబరు 15న ఆమె కన్నుమూసెను. వయసు మీరినవారు తొలిసారి తమ పేరు తాము వ్రాసికొనినప్పుడు తలయెత్తి నిలుతురని ఆమె నమ్మెను. ఆ నమ్మకమే ఆమె జీవితము.