సీసా మీది సుబ్బారావు గారు

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు సింగరాయకొండలో మా ఇంటికి రెండుసార్లు వచ్చి అడిగారు. నేను రచయితను కాను, ఆస్పత్రి ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరైనవాణ్ణి. కనుక ల్యాబ్‌లో పరిచయమైన ఒక మహనీయుని గురించే రాస్తాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో రక్తంలో ఫాస్పరస్ కొలిచే పద్ధతిని ఫిస్కే అండ్ సుబ్బారో మెథడ్ అని నేర్పారు. సీసా మీద కూడా ఆ పేరే రాసి ఉండేది. సుబ్బారో అంటే ఎవరో దొర అనుకున్నాను! ఆయన 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారని చాలా ఏళ్లకు గాని తెలియలేదు.

చదువు ఆయనకు సులువుగా రాలేదు. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కింది. రాజమండ్రి నుంచి మద్రాసు చదువుకు వెళ్లే రైలు మన సింగరాయకొండ మీదుగానే కదా, ఎన్నిసార్లు ఈ స్టేషను దాటారో. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసరుకు కంటగింపై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. భార్య శేషగిరి గారిని పుట్టింట వదిలి, మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి ఆసరాతో బోస్టన్ చేరారు. చదువుకుంటూనే పొట్టకూటికి ఆస్పత్రిలో రాత్రిళ్లు బెడ్‌పాన్లు కడిగారు.

హార్వర్డ్‌లో ఫిస్కే గారితో కలిసి 1925లో ప్రకటించిందే ఆ పద్ధతి. అంతకు ముందున్న పద్ధతులను బాగుచేసి నిలకడగా ఫలితమిచ్చేలా చేశారు. ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కలిసి, మరో మందు పడగానే నీలిరంగు తేలుతుంది. రంగు ఎంత చిక్కనైతే ఫాస్పరస్ అంత ఎక్కువ. పిల్లల ఎముకల జబ్బు, మూత్రపిండాల జబ్బు, పారాథైరాయిడ్ హార్మోను తేడాలు, అన్నిటికీ ఈ లెక్క కావాలి. చెరువు నీటిలో, చేలమట్టిలో ఫాస్ఫేటు చూడడానికీ ఇలాంటి నీలిరంగే ఆధారం.

ఒకసారి కాళ్లు వంగిన ఒక పసివాడి రక్తానికి ఫాస్పరస్ నార్మల్ అని రిపోర్టు ఇచ్చాను. డాక్టరు గారు నమ్మక మళ్లీ చేయమన్నారు. చూస్తే టెస్ట్‌ట్యూబులకు సబ్బుపొడి అంటుకుని ఉంది. అందులోని ఫాస్ఫేటే రంగు పెంచింది. యాసిడ్‌తో కడిగి చేస్తే అంకె బాగా తగ్గింది. ఆ రోజు ఇంటికి వెళ్లినా అన్నం సహించలేదు.

ఆ పద్ధతి పట్టుకునే వారిద్దరూ కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, ఎ.టి.పి.ని 1929లోను బయటపెట్టారు. జర్మనీలో లోమాన్ కూడా అదే ఏడు విడిగా ఎ.టి.పి. కనుగొన్నారు. అయినా హార్వర్డ్‌లో సుబ్బారావు గారికి పర్మనెంటు ఉద్యోగం దక్కలేదు. సర్వీసు రిజిస్టర్లతో అవస్థపడిన మనకు ఆ బాధ వేరే చెప్పనక్కరలేదు.

1940లో లెడర్లే కంపెనీలో చేరాక ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. సోదరులను మింగిన స్ప్రూకు అది బాగా పనిచేసే మందు. బోదకాలుకు హెట్రజాన్, పిల్లల రక్త క్యాన్సరుపై ఫార్బర్ గారు వాడిన అమినాప్టెరిన్ కూడా వారి ల్యాబ్‌లోవే. ఆరియోమైసిన్‌ను డగ్గర్ గారు కనుగొన్నది ఆయన అజమాయిషీలోనే. 1948 ఆగస్టులో నిద్రలోనే పోయారు. అప్పటికి 53 ఏళ్లు, మన రిటైర్మెంటు వయసు కూడా కాదు. 1995లో తపాలా బిళ్ల వేశారు.

మొన్న మా కోడలికి నెల తప్పిందని ఆశా కార్యకర్త ఫోలిక్ యాసిడ్ బిళ్లలు ఇచ్చి వెళ్లింది. ఇవి మన భీమవరం ఆయన బృందం తయారుచేసినవే అమ్మా అని కథంతా చెప్పాను. అంతా విని, ఆయన భార్య దగ్గరకు మళ్లీ వచ్చారా మామయ్యా అని అడిగింది. రాలేదమ్మా, పుట్టిన బిడ్డ కూడా పసితనంలోనే పోయాడు అన్నాను. కాసేపు ఏమీ అనకుండా బిళ్ల వేసుకుని లోపలికి వెళ్లింది.