సవర మాట నుంచి తెలుగు బాటకు.. గిడుగు జీవితయాత్ర

వంశధార తీరంలో పుట్టి, పర్లాకిమిడి బడిలో పాఠాలు చెప్పి, కొండల్లోని సవరల నోట విన్న పలుకులకు వ్యాకరణం కూర్చిన మహనీయుడు గిడుగు వెంకట రామమూర్తి. వాడుక భాషోద్యమ సారథిగా ఆయన పేరు తెలుగు వారందరికీ సుపరిచితమే. ఆయన జయంతి అయిన ఆగస్టు 29న ఏటా తెలుగు భాషా దినోత్సవం జరుపుకొంటున్నారు. అయితే తెలుగు కోసం కలం పట్టడానికి ఎన్నో ఏళ్ల ముందే ఆయన ఒక గిరిజన భాషకు శిష్యుడయ్యారన్న సంగతి తెలిసిన వారు తక్కువ. మాటలు ఏ పద్ధతిలో కలిసి వాక్యమవుతాయో తెలుసుకోవాలంటే ఆ భాష మాట్లాడే వారినే ఆశ్రయించాలన్న పాఠాన్ని ఆయనకు నేర్పినవి సవర గూడేలే.

బాల్యం.. విద్యాభ్యాసం

రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగ క్షేత్రానికి చేరువలోని పర్వతాలపేటలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి వీర్రాజు. తండ్రి రెవెన్యూ శాఖలో ఉద్యోగి. 1875లో ఆయన మరణించేనాటికి రామమూర్తికి పన్నెండేళ్లు. దాంతో విజయనగరంలో బంధువుల ఇంట ఉండి మహారాజావారి పాఠశాలలో చదువు సాగించారు. అక్కడ ఆయన సహాధ్యాయి గురజాడ అప్పారావు. బడిలో కుదిరిన ఆ స్నేహం తరువాతి కాలంలో తెలుగు వచన చరిత్రనే మలుపు తిప్పింది.

1879లో మెట్రిక్యులేషన్ పూర్తిచేసిన రామమూర్తి 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరారు. జీతం నెలకు 30 రూపాయలు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి పట్టభద్రులయ్యారు. చరిత్ర బోధించే ఆ పంతులుగారికి తవ్వి తీయడమంటే మహా మక్కువ. శ్రీముఖలింగం ఆలయ శాసనాల లిపిని స్వయంకృషితో నేర్చుకొని చదివారు. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఆ ముఖలింగమేనని ప్రతిపాదించారు.

పుస్తకం లేని చదువు

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల నిండా సవర గూడేలే. కొండ ఉత్పత్తులు అమ్ముకొనేందుకు, కోర్టు కచేరీ పనులకు సవరలు పట్టణానికి వచ్చేవారు. వారి భాష తెలిసిన అధికారి గానీ, ఉపాధ్యాయుడు గానీ లేరు. మాట తెలియని చోట మోసానికి అడ్డుండదు. ఈ స్థితి రామమూర్తిని కదిలించింది. సవర నేర్వాలని సంకల్పించారు.

నేర్చుకోవడానికి పుస్తకం లేదు, నిఘంటువు లేదు, ఆ భాషకు లిపి కూడా లేదు. తెలుగు తెలిసిన సవరలను ఇంటికి రప్పించుకొని, వారి పక్కన కూర్చొని ఒక్కొక్క మాటే అడిగి తెలుసుకొన్నారు. గూడేలకు స్వయంగా వెళ్లి, అక్కడి సంభాషణలు, కథలు, పాటలు విని రాసుకొన్నారు. సవర పిల్లల కోసం వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టించారు. ఈ కృషికి మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపగా, దానిని తాను స్వీకరించక సవరల బడికి ఖర్చు చేయాలని కోరడం ఆయన సంస్కారానికి నిదర్శనం.

ఆ మన్యం తిరుగుళ్లు ఆయన శరీరాన్ని గుల్ల చేశాయి. చలిజ్వరానికి అధికంగా వాడిన క్వినైన్ కారణంగా వినికిడి దెబ్బతింది. చెవితో విని భాషను పట్టుకొనే విద్వాంసునికి చెవులే దూరమయ్యాయి. అయినా పని ఆపలేదు.

ఒక్క మాటలో వాక్యమంతా

సవర భాష వాక్యాన్ని కూర్చే తీరు తెలుగుకు భిన్నమైనది. తెలుగులో విభక్తి ప్రత్యయాలు మాటల మధ్య సంబంధాన్ని తెలుపుతాయి. రాముడు చేపను పట్టాడు అన్నా, చేపను రాముడు పట్టాడు అన్నా భావం మారదు. చేపకు అంటిన 'ను' అనే ప్రత్యయమే పట్టుబడినది ఏదో చెబుతుంది. ఇంగ్లీషులో ఆ సౌకర్యం లేదు. కర్త ముందు, క్రియ నడుమ, కర్మ చివర నిలవాలి. స్థానాలు తారుమారైతే చేపే రాముణ్ని పట్టినట్టవుతుంది.

తెలుగు క్రియకు మరో గుణం ఉంది. వస్తాను అంటే వచ్చేది నేనని, వస్తావు అంటే నీవని క్రియ చివరి భాగమే చెబుతుంది. కానీ కొడతాడు అన్నప్పుడు కొట్టేవాడెవరో క్రియను బట్టి తెలుస్తుంది తప్ప, దెబ్బ ఎవరికో తెలియదు. దానికి నన్ను, నిన్ను అని వేరే మాట కావాలి. సవరలో ఆ దెబ్బ తగిలే నన్ను, నిన్ను కూడా క్రియ చివరే చేరిపోతాయి.

అంతకన్నా విశేషం, నామవాచకం క్రియ లోపలికి చొరబడడం. 'ఞమ్' అంటే పట్టు, 'యో' అంటే చేప. రెండూ కలిసి చేపలు పట్టడమనే ఒకే క్రియ అవుతుంది. కాలాన్ని, మనిషిని తెలిపే ప్రత్యయాలు దాని వెనుక చేరతాయి. పులికి సవరలో 'కినా' అని పేరు. క్రియలో ఒదిగేటప్పుడు అది కురచబడి 'కిద్' అవుతుంది. పట్టు అనే 'ఞమ్', పులి అనే 'కిద్', జరగబోయే కాలాన్ని తెలిపే 'త్', నిన్ను అనే 'అమ్' వరుసగా చేరితే పులి నిన్ను పడుతుంది అనే వాక్యం ఒక్క మాటలో ముగుస్తుంది. చేప పట్టబడేది కాబట్టి క్రియలో కలిసిందనుకోవచ్చు. పులి పట్టేది. పని చేసే కర్త సైతం ఇలా క్రియలో ఒదగడం ప్రపంచ భాషల్లో అరుదు.

తెలుగులోనూ ఈ ఛాయలు కొద్దిగా లేకపోలేదు. మాట, ఆడు కలిసి మాట్లాడు అయింది. పోట్లాడు కూడా ఇటువంటిదే. అయితే తెలుగులో నామం ముందు, క్రియ వెనుక. సవర క్రియలో క్రియ ముందు, నామం వెనుక. విడి మాటలతో వాక్యం చెప్పినప్పుడు మాత్రం సవరలోనూ తెలుగులో లాగే క్రియ చివరికి చేరుతుంది. సవర ముండా భాష. ఖాసీ, ఖ్మేర్, వియత్నామీ భాషలకు దూరపు చుట్టం. ఆ చుట్టాల్లో కర్మకన్నా క్రియే ముందు వస్తుంది. అందువల్ల సవర క్రియ లోపలి వరుస ఆ కుటుంబపు పాత వాక్యక్రమానికి మిగిలిన ఆనవాలని కొందరు భాషాశాస్త్రజ్ఞులు భావించారు.

ఈ సూత్రాలేవీ సంస్కృత వ్యాకరణంలో గానీ, ఇంగ్లీషు వ్యాకరణంలో గానీ దొరకవు. మరో భాష కొలతలతో సవరను కొలిస్తే చేతికేమీ చిక్కదు. మాట్లాడేవారు ఎలా అంటే అదే ప్రమాణం. దశాబ్దాల పరిశ్రమ ఫలితంగా రామమూర్తి ఇంగ్లీషులో రచించిన సవర భాషా బోధిని 1931లోనూ, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోనూ మద్రాసులో వెలువడ్డాయి. ధ్వనుల హ్రస్వ దీర్ఘాలను కూడా జాగ్రత్తగా గుర్తించిన ఆ గ్రంథాలు తరువాతి ముండా భాషా పరిశోధకులకు ఆధారమయ్యాయి.

తెలుగు వైపు చూపు

1906 ప్రాంతంలో విద్యాశాఖ అధికారి జె.ఏ.యేట్స్ బడుల తనిఖీలో ఒక విషయం గమనించారు. పిల్లలు పుస్తకంలో చదివే తెలుగు వేరు, బయట మాట్లాడే తెలుగు వేరు. దీనికి కారణమేమిటని ఆయన విచారించగా, రామమూర్తి, గురజాడ, పి.టి.శ్రీనివాస అయ్యంగార్ ఈ సమస్యపై దృష్టి నిలిపారు. సవరలకు వారి మాటలోనే వాచకం రాసిన రామమూర్తికి, తెలుగు పిల్లలకు మాత్రం వారి మాట వాచకంలో దొరకకపోవడం తీరని లోటుగా తోచింది.

నాటి పాఠ్యపుస్తకాల వచనానికి చిన్నయసూరి గ్రాంథిక శైలి ఒరవడి. నిత్యం వస్తున్నాడు అనే పిల్లవాడు పరీక్షలో వచ్చుచున్నాడు అని రాయాలి. చేశాడు అంటే తప్పు, చేసెను అంటే ఒప్పు. సంధులతో పదాలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోగా, ఏ మాట ఎక్కడ ముగిసిందో పసివారికి అంతుచిక్కేది కాదు. నోటికి పట్టిన వాక్యక్రమాన్ని వదిలి, ఎవరూ మాట్లాడని భాషలో ఆలోచన చెప్పవలసి రావడంతో చదువు కంఠస్థానికి పరిమితమైంది. విషయం తెలిసిన పిల్లవాడు కూడా భాష తెలియక తప్పేవాడు.

1911లో ఉద్యోగ విరమణ చేసిన రామమూర్తి పూర్తికాలం ఈ పోరాటానికే అంకితమయ్యారు. అదే ఏడాది ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికం పక్షాన నిలిచింది. జయంతి రామయ్య పంతులు ప్రభృతులు వాడుక భాష వల్ల సాహిత్య సంప్రదాయం చెడుతుందని, జిల్లాకో తీరు యాస ఉన్నందున దానికి ప్రమాణం కుదరదని వాదించారు. ఆ భయం నిరాధారమని తోసిపుచ్చడానికి వీలులేనిది. రామమూర్తి దానికి ఆధారాలతోనే సమాధానమిచ్చారు. తాను కోరేది ఎవరికి తోచినట్టు వారు రాయడం కాదని, చదువుకొన్న శిష్టులు నిత్యం వాడే భాషకూ నియమాలున్నాయని వివరించారు.

1913లో ఆధునిక తెలుగుపై ఇంగ్లీషులో విజ్ఞాపన ప్రచురించారు. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం సమర్పించారు. అయినా అప్పటికి గ్రాంథికానిదే పైచేయి అయింది. మరుసటి ఏడాది గురజాడ కన్నుమూశారు. మిత్రుణ్ని కోల్పోయినా, వినికిడి అంతకంతకు తగ్గుతున్నా రామమూర్తి వెనుదిరగలేదు. ఊరూరా సభలు పెట్టి, పుస్తకాల మూటలతో వేదికలెక్కి, పుట తీసి చూపుతూ వాదించారు.

ఆధారమే ఆయుధం

రామమూర్తి వాదనలో ఆవేశం కన్నా సాక్ష్యానికే పెద్దపీట. వ్యాకరణం తప్పన్న రూపాలను మహాకవులే వాడారని బాలకవి శరణ్యంలో చూపారు. శాసనాల్లో, పాత వచనంలో వాడుక రూపాలు ఉన్నాయని గద్యచింతామణిలో ఉదాహరణలు కూర్చారు. గ్రాంథికమే రాయాలనే పండితుల రచనల్లో సైతం ఆ నియమాలు నిలవలేదని ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజంలో నిరూపించారు. పండితులకే పట్టుబడని భాషను పసిపిల్లల మీద రుద్దడం న్యాయమా అన్నదే ఆయన ప్రశ్న సారాంశం.

1919లో రాజమహేంద్రవరంలో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. కందుకూరి వీరేశలింగం దానికి అధ్యక్షత వహించడం ఉద్యమానికి కొండంత బలమైంది. ఆ ఏడాదే రామమూర్తి తెలుగు అనే మాసపత్రికను నడిపారు. 1933లో ఆయన సప్తతి సందర్భంగా దేశ విదేశాల పండితుల వ్యాసాలతో అభినందన సంపుటి సమర్పించారు. 1934లో ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ స్వర్ణపతకం బహూకరించింది. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది.

ఇల్లు విడిచిన వేళ

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది. పర్లాకిమిడి పట్టణం అందులో చేరింది. తెలుగువారు గణనీయంగా ఉన్న ఆ ప్రాంతాన్ని కలపడాన్ని రామమూర్తి గట్టిగా వ్యతిరేకించారు. మాట నెగ్గలేదు. యాభై ఆరేళ్ల కిందట యువకుడిగా వచ్చి, సవర నేర్చి, సంసారం పెంచుకొన్న ఊరిని డెబ్బై మూడో ఏట విడిచి రాజమహేంద్రవరం చేరారు. సవర నిఘంటువు ఆ తరువాతే వెలుగు చూసింది. కుమారుడు సీతాపతి తండ్రి బాటలో సవర భాషా సేవ కొనసాగించారు.

1940 జనవరిలో రామమూర్తి తుదిశ్వాస విడిచారు. పాఠ్యపుస్తకాలు పూర్తిగా వాడుక భాషలోకి మారడం ఆయన చూడలేదు. కొన్ని దశాబ్దాల తరువాత పత్రికలు, పాఠ్యపుస్తకాలు, విశ్వవిద్యాలయాలు ఆయన చూపిన దారికే వచ్చాయి. ఈనాడు తెలుగు పిల్లవాడు పరీక్షలో వస్తున్నాడు అని రాసి మార్కులు పొందుతున్నాడంటే ఆ పుణ్యంలో ఆయనది పెద్ద వాటా.

సవరల విషయంలో మాత్రం ఆ ఫలం ఇంకా ఆలస్యమైంది. 1936లో మంగై గొమాంగో సవరకు సొరంగ్ సొంపెంగ్ అనే లిపిని రూపొందించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2000వ దశకంలో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక వాచకాలు తయారుకాగా, వాటిలో సవర ఒకటి. గిరిజన శిశువు తొలి పాఠం తల్లి మాటలోనే సాగాలని పంతొమ్మిదో శతాబ్దంలోనే తలచి, తన ఖర్చుతో ఆచరించి చూపినవారు పర్లాకిమిడి పంతులుగారు. కొండ మీది పిల్లవాడికైనా, కింద పల్లెలోని పిల్లవాడికైనా తాను మాట్లాడే వాక్యం తప్పు కాదని చెప్పడమే గిడుగు జీవితకాల కృషి.