డాక్టర్ బాబ్ ఇల్లు
పెదనాన్న తాగుడు గురించి మా ఇంట్లో ఎవరూ పైకి మాట్లాడరు. అందుకేనేమో, డాక్టర్ బాబ్ స్మిత్ గురించి చదువుతుంటే నా కళ్ళు ముందు ఆయన భార్య యాన్ కోసం వెతికాయి.

బాబ్ 1879లో అమెరికాలోని వెర్మాంట్‌లో పుట్టారు. ఒహాయోలోని ఆక్రన్‌లో సర్జన్. ఆపరేషన్లు చేసే చేతులే మందు పడకపోతే వణికేవి. 1935 మేలో, న్యూయార్క్ నుంచి వచ్చిన బిల్ విల్సన్ అనే ఆయన్ని కలవడానికి పావుగంట చాలనుకుని వెళ్ళారు. తీరా కూర్చుంటే ఆరు గంటలు! బిల్ కూడా ఒకప్పుడు బాగా తాగినవాడే. నీతులు చెప్పలేదు, తన గోడు చెప్పుకున్నాడంతే. అయినా బాబ్ మళ్ళీ ఒకసారి జారారు (నాకైతే ఇక్కడే మనిషి అనిపించారు). జూన్ 10న తాగిందే ఆఖరు. ఆల్కహాలిక్స్ అనానిమస్ ఆ రోజునే తన పుట్టినరోజుగా లెక్కేసుకుంటుంది.

తర్వాత సెయింట్ థామస్ ఆసుపత్రిలో సిస్టర్ ఇగ్నేషియాతో కలిసి దాదాపు 5,000 మందికి ఫీజు లేకుండా వైద్యం చేశారు. ఇంట్లో పనంతా యాన్‌ది. కాఫీ పెట్టి, వచ్చినవాళ్ళ భార్యల్ని కూర్చోబెట్టుకుని వినేవారు. ఆవిడ 1949లో, ఆయన 1950లో పోయారు.

మొన్న సెలవుల్లో పెద్దమ్మకి ఇదంతా చెప్పాను. బాబ్ గురించి ఏమీ అడగలేదు. యాన్ దగ్గరికొచ్చిన ఆడవాళ్ళు ఏం చెప్పుకునేవాళ్ళని అడిగింది.