కదలిక మూలాన్ని వెదికిన శాస్త్రవేత్త సెంట్ జార్జి

గుండె కొట్టుకోవాలన్నా, తెల్ల రక్తకణం సూక్ష్మజీవిని వెంటాడాలన్నా కణంలోని సన్నని ప్రోటీన్ పోగులే ఆధారం. వాటిలో ముఖ్యమైన ఆక్టిన్ రెండో ప్రపంచ యుద్ధకాలంలో, హంగరీలోని సెగెడ్ నగరంలో వెలుగుచూసింది. ఆ పరిశోధన బృందానికి సారథి ఆల్బర్ట్ సెంట్ జార్జి.

1893 సెప్టెంబరు 16న బుడాపెస్ట్‌లో ఆయన జన్మించారు. వైద్యవిద్య పూర్తికాకముందే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. సైనిక వైద్య విభాగంలో పనిచేస్తూ, యుద్ధంపై ఏవగింపు కలిగి, తన చేతిపై తానే తుపాకి పేల్చుకుని ఇంటికి చేరారు. 1917లో వైద్య పట్టా పొందారు. ఆపై కేంబ్రిడ్జిలో పరిశోధన చేసి, సెగెడ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. అక్కడ విరివిగా పండే పాప్రికా మిరప నుంచి విటమిన్ సి ని సమృద్ధిగా వేరుచేశారు. 1937లో నోబెల్ బహుమతి ఆయనను వరించింది.

అంతటితో తృప్తిపడక, కండరం ఎలా కదులుతుందన్న ప్రశ్నను చేపట్టారు. మయోసిన్ అనే ప్రోటీన్ అప్పటికే తెలుసు. దానికి తోడుండే ఆక్టిన్‌ను ఆయన సహచరుడు బ్రూనో స్ట్రౌబ్ 1942లో కుందేలు కండరం నుంచి వేరుచేశారు. ఈ రెండూ కలిసిన పోగుకు ఏటీపీ అందించగానే అది ముడుచుకుపోయింది. ప్రాణి దేహం వెలుపల, ప్రయోగశాలలోనే కదలిక కళ్ళకు కట్టింది. ఆ ఏటీపీని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలో ఫిస్కేతో కలిసి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు వేర్వేరుగా కనుగొన్నారు.

సెగెడ్ ఫలితాలు యుద్ధం ముగిసేవరకు బయటి ప్రపంచానికి అంతగా చేరలేదు. ఈలోగా సెంట్ జార్జి ప్రాణానికే ముప్పు వచ్చింది. 1943లో ప్రసంగం నెపంతో ఇస్తాంబుల్ వెళ్ళి, మిత్రరాజ్యాలతో రహస్యంగా సంప్రదింపులు జరిపారు. సంగతి నాజీలకు పొక్కడంతో అజ్ఞాతవాసం తప్పలేదు. యుద్ధానంతరం స్వదేశంలో సోవియట్ ప్రాబల్యం పెరగగా, 1947లో అమెరికాలోని వుడ్స్ హోల్‌కు వలస వెళ్ళారు.

ఆక్టిన్ కండరాలకే పరిమితం కాదని తరువాతి శాస్త్రవేత్తలు తేల్చారు. పాకే కణంలో ఆక్టిన్ పోగులు ముందువైపు పెరుగుతూ పొరను నెడతాయి. మరో రకమైన సూక్ష్మనాళికలు కణంలో దారులుగా నిలుస్తాయి. వాటిపై మోటారు ప్రోటీన్లు ఏటీపీ శక్తితో సరుకులు మోస్తాయి. కణం విభజన చెందేటప్పుడు ఆ నాళికలే కండెగా అమరి క్రోమోజోములను వేరుచేస్తాయి. బిళ్ళగన్నేరు మొక్క నుంచి లభించే విన్‌క్రిస్టిన్ మందు ఆ నాళికల అమరికను అడ్డుకునే క్యాన్సర్ కణాల విభజనను ఆపుతుంది.

జీవిత చరమాంకంలో క్యాన్సర్ పరిశోధనకే అంకితమైన సెంట్ జార్జి 1986 అక్టోబరు 22న, 93వ ఏట వుడ్స్ హోల్‌లో కన్నుమూశారు. రెండు యుద్ధాలు తరిమినా ఆయన ప్రయోగశాలను వదలలేదు. నేడు కణాల కదలికను చదివే ప్రతి విద్యార్థి సెగెడ్‌లో ముడుచుకున్న ఆ చిన్న పోగు దగ్గరే పాఠం మొదలుపెడతాడు.