జైల్లో రాసిన పుస్తకం, ఇంట్లో నేర్చిన పాఠం

కాలేజీ రోజుల్లో ‘మాలపల్లి’ నవలను పరీక్ష కోసం చదివాను. ఇంపార్టెంటు ప్రశ్నలు గుర్తు పెట్టుకుని, పరీక్ష అయిపోగానే మర్చిపోయాను కూడా. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక తీరిగ్గా మళ్ళీ తీస్తే ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. బారిస్టరు చదివిన బ్రాహ్మణుడు, కోర్టుకు వెళ్ళి హాయిగా సంపాదించుకోవలసినవాడు, జైల్లో కూర్చుని మాలవాడ కథ ఎందుకు రాసినట్టు?

ఆయన ఉన్నవ లక్ష్మీనారాయణగారు. 1877లో గుంటూరు జిల్లా వేములూరుపాడులో పుట్టారు. జవాబు కోసం ఆయన జీవితం వెతుక్కుంటూ పోతే, నేను ముందు ఆగింది జైలు దగ్గర కాదు, ఆయన ఇంటి దగ్గర.

కందుకూరి వీరేశలింగంగారి బాటలో ఉన్నవ దంపతులు గుంటూరులో వితంతువుల కోసం శరణాలయం నడిపారు, పునర్వివాహాలు జరిపించారు. వితంతువుకు పెళ్ళి చేస్తే నిప్పూ నీళ్ళూ పుట్టకుండా వెలి వేసే కాలమది! నలుగురి ముందు ఉపన్యాసం ఇచ్చి ఇంటికొచ్చే మగవాడికి సంస్కరణ కొంత తేలికే. ఆ ఆడపిల్లలకు తోడుగా నిలబడి, బంధువుల మాటలు పడవలసింది మాత్రం ఇంటి ఇల్లాలే కదా. ఆ భారం లక్ష్మీబాయమ్మగారు మోశారు. వెలి అంటే ఏమిటో పుస్తకాలు చదివి తెలుసుకోవలసిన అవసరం ఆ ఇంటికి లేదు.

1913లో ఆయన బారిస్టరు చదువుకు ఐర్లండులోని డబ్లిన్ వెళ్ళారు. అదే ఏడు ఆ ఊళ్ళో యజమానులు సంఘంలో చేరిన వేలమంది కూలీలను పనిలోకి రానివ్వకుండా గెంటేశారు. నెలల తరబడి ఆ కుటుంబాలు పస్తులున్నాయి. ఇంగ్లీషువాళ్ళ పాలన పోవాలని ఐరిష్‌వాళ్ళు రగిలిపోతున్న రోజులు కూడా అవే. 1916లో అక్కడ తిరుగుబాటే జరిగింది. తర్వాత ఏడాది రష్యాలో విప్లవం వచ్చింది. స్వరాజ్యం ఒక్కటే చాలదు, కూలివాడి కడుపు సంగతేమిటన్న ప్రశ్న ఆయన మనసులో ఇలా బలపడిందని నా నమ్మకం.

గాంధీగారి పిలుపుతో కోర్టు వదిలేశారు. పల్నాడులో అడవికి పశువులను తోలితే పుల్లరి కట్టాలని సర్కారు జనాన్ని పీడిస్తున్న రోజులవి. 1921లో ఆ రైతుల పక్షాన నిలిచినందుకు ఆయనకు జైలుశిక్ష పడింది. 1922 ఫిబ్రవరిలో అదే పోరాటంలో కన్నెగంటి హనుమంతు పోలీసు తూటాలకు బలయ్యాడు. రాయవేలూరు జైల్లో ఉన్నవగారు కలం పట్టారు. అలా పుట్టింది ‘మాలపల్లి’.

కథానాయకుడు జమీందారు కాదు, రాజు కాదు. రామదాసు అనే మాల రైతు, అతని కుటుంబం. కొడుకు సంగదాసు కూలీలను కూడగడతాడు, భూస్వామి చౌదరయ్య చేతిలో ప్రాణం పోగొట్టుకుంటాడు. భాష చూస్తే మన గుంటూరు పల్లెల్లో మాట్లాడుకునే మాటే. గ్రాంథికం రాస్తేనే గౌరవమనుకునే రోజుల్లో అది కూడా తిరుగుబాటే.

తెల్లదొరలకు ఈ నవల అంటే భయం పట్టుకుంది. 1923లో నిషేధించారు. 1936లో మళ్ళీ నిషేధం. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక గానీ పుస్తకానికి విముక్తి దొరకలేదు. రచయితే కాదు, పుస్తకం కూడా రెండుసార్లు జైలుకు వెళ్ళిందన్నమాట!

మరి ఇంట్లో లక్ష్మీబాయమ్మగారు కన్నీళ్ళు పెట్టుకుని కూర్చున్నారనుకుంటున్నారా? 1922లో ఆ దంపతులు స్త్రీవిద్య కోసం గుంటూరులో శారదా నికేతనం స్థాపించారు. దిక్కులేని ఆడపిల్లలకు చదువూ, చేతిపనీ నేర్పి సొంత కాళ్ళ మీద నిలబెట్టిన సంస్థ అది. దాన్ని కంటికి రెప్పలా చూసుకున్నది ఆవిడే. ఉప్పు సత్యాగ్రహంలో తనూ జైలుకు వెళ్ళారు.

ఉన్నవగారు ‘నాయకురాలు’ నాటకం కూడా రాశారు. పల్నాడును నడిపించిన నాగమ్మ కథ అది. అధికారం చేతబట్టిన ఆడదాని గురించి రాయాలని ఆయనకెందుకు తోచిందో, ఇల్లు చూస్తే నాకు ఆశ్చర్యం వేయలేదు.

అయితే ఒక మాట దాచకూడదు. అన్నిటినీ ఓర్చుకునే రామదాసు అగ్రవర్ణం వాళ్ళు కోరుకునే మాలవాడే గానీ, నిజమైన మాలవాడేనా అని దళిత రచయితలు తర్వాత కాలంలో అడిగారు. న్యాయమైన ప్రశ్నే. బయటి నుంచి వెళ్ళినవాడు ఎంత ప్రేమగా చూసినా కొన్ని కనిపించవు. కానీ వెళ్ళి చూసినవాళ్ళే తక్కువైన రోజుల్లో ఆయన వెళ్ళారు, దానికి తగిన మూల్యం చెల్లించారు.

లక్ష్మీబాయమ్మగారు 1956లో, ఆయన 1958లో కన్నుమూశారు. ‘మాలపల్లి’ అచ్చయి వందేళ్ళు దాటింది. అట్ట మీద ఒక్క పేరే ఉంటుంది. ఈసారి లైబ్రరీలో కనిపిస్తే తీసి చదవండి. చదివేటప్పుడు ఆ రెండో పేరు కూడా తలుచుకోండి.