వస్తువు లోగుట్టు తెలిసిన ఆచార్యుడు – సూరి భగవంతం

మన యూనివర్సిటీకి ఉపకులపతులుగా పనిచేసిన పెద్దలు మనలో చాలామందికి బోర్డు మీద చదివిన పేర్లుగానే తెలుసు. అలాంటి పేర్లలో ఒకటి ఆచార్య సూరి భగవంతం గారిది. 1952 నుంచి 1957 దాకా ఆయన ఉస్మానియాకు ఉపకులపతి. అంతకుముందు ఇక్కడే భౌతికశాస్త్ర ఆచార్యులు. ఆ తర్వాత బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరు, ఆ పైన రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారు.

ఈ పదవుల జాబితా ఎక్కడైనా దొరుకుతుంది. నేను మాత్రం ఆయన జీవితాన్ని ఈనాటి ఒక కొత్త విద్యతో కలిపి చెప్పదలచుకున్నాను. విమానం ఒంటి మీద, గాలిమర రెక్కల మీద పుట్టే పగుళ్లను యంత్రాలే వెతికి పట్టుకునే విద్య అది. భగవంతం గారు అలాంటి యంత్రమేదీ తయారు చేయలేదు. చేశారని రాస్తే అబద్ధమవుతుంది. అయితే ఆ యంత్రాలు ఏ సూత్రాల మీద నడుస్తున్నాయో ఆ సూత్రాలతోనే ఆయన యౌవనమంతా గడిచింది. ఆ సంబంధం విప్పి చెప్పడమే నా ప్రయత్నం.

భగవంతం గారు 1909 అక్టోబరు 14న కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. పై చదువుకు హైదరాబాదు వచ్చి నిజాం కాలేజీలో చేరారు. ఆ రోజుల్లో ఆ కాలేజీ మద్రాసు యూనివర్సిటీకి అనుబంధంగా ఉండేది. 1928లో బి.ఎస్సీ. ముగిసింది. అదే సంవత్సరం ఫిబ్రవరి 28న కలకత్తాలో సి.వి.రామన్ గారు తమ పేరుతో నిలిచిపోయిన ఫలితాన్ని కనుగొన్నారు. పందొమ్మిదేళ్ల ఈ తెలుగు కుర్రవాడు ఉద్యోగం కోసం చూసుకోకుండా తిన్నగా కలకత్తా వెళ్లి రామన్ గారి దగ్గర చేరాడు. ఆయన జీవితానికి మలుపు అక్కడే.

రామన్ ఫలితం ఏమిటో సైన్సు విద్యార్థులకు చెప్పనక్కర్లేదు గాని, ఆర్ట్స్ మిత్రుల కోసం రెండు ముక్కలు. ఒకే రంగు వెలుగును ఒక వస్తువు మీద పడవేస్తే చెదిరి వచ్చే వెలుగులో చాలా భాగం అదే రంగులో ఉంటుంది. అతి కొద్ది భాగం మాత్రం రంగు మారి వస్తుంది. ఎంత మారిందన్నది ఆ వస్తువులోని అణువులు ఎలా కంపిస్తున్నాయో చెబుతుంది. అంటే వస్తువును కోయకుండా, కరిగించకుండా దాని లోపలి కబురు తెలుసుకోవచ్చునన్నమాట. 1931లో రామన్, భగవంతం కలిసి వెలుగు కణానికి ఆత్మభ్రమణం ఉందని చూపే ప్రయోగం చేశారు. రామన్ పద్ధతిలో వజ్రాన్ని పరీక్షించిన తొలితరం వారిలో భగవంతం గారూ ఉన్నారు. ఆ రోజుల్లో ఒక్క ఫోటో ప్లేటు మీద సన్నని గీత పడాలంటే గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి వెలుగు చూపించాల్సి వచ్చేది. ఇప్పుడు లేసరు పుణ్యమా అని అదే పరీక్ష క్షణాల మీద అయిపోతోంది. కార్బన్ పూతలను, కార్బన్ పోగులను పరీక్షించడానికి ప్రయోగశాలల్లో అది నిత్యం వాడే పద్ధతి.

1932లో ఆయన వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఉపకులపతిగా ఉన్న రోజులవి. కొత్త యూనివర్సిటీ, కొత్త విభాగం. అక్కడే ఆయన ఒక శిష్యబృందాన్ని తయారు చేశారు. కాంతి పరిక్షేపణం మీద 1940లో పుస్తకం ప్రచురించారు. మెల్లగా ఆయన దృష్టి వెలుగు నుంచి శబ్దం వైపు మళ్లింది.

కుండల అంగట్లో మన అమ్మలు ఏం చేస్తారు? కుండను ఎత్తి పట్టుకుని వేలి కణుపుతో ఠంగుమని కొట్టి చూస్తారు. గట్టి కుండ ఒక రకంగా మోగుతుంది, బీటవారింది ఇంకో రకంగా మోగుతుంది. కంటికి కనబడని బీట చెవికి దొరుకుతుంది. భగవంతం గారు, ఆయన శిష్యులు 1940లలో వాల్తేరులో చేసిన పనికి మూలం ఇదే. కాకపోతే వారు వాడిన శబ్దం మన చెవికి వినబడనిది, సెకనుకు లక్షల సార్లు కంపించేది. భీమసేనాచారి అనే శిష్యుడితో కలిసి ఆయన వృద్ధి చేసిన పద్ధతిని భౌతికశాస్త్రంలో ‘వెడ్జి’ పద్ధతి అంటారు. ఒకవైపు మందంగా, ఒకవైపు పల్చగా ఉన్న క్వార్ట్జు ముక్కను కంపింపజేస్తే దానినుంచి వేర్వేరు పౌనఃపున్యాల శబ్దం పుట్టించవచ్చు. దాని మీద పరీక్షించవలసిన స్ఫటికపు బిళ్లను ఉంచుతారు. ఆ బిళ్ల మందంలో సగం తరంగాలు సరిగ్గా పూర్ణసంఖ్యలో ఇమిడినప్పుడు శబ్దం సులువుగా అవతలికి దాటుతుంది. దాటిన సంగతి అవతలి ద్రవంలో వెలుగు వంగే తీరును బట్టి తెలుస్తుంది. పౌనఃపున్యం తెలుసు, మందం తెలుసు, కనుక శబ్దవేగం తెలుస్తుంది. వేగం తెలిస్తే ఆ వస్తువు ఎంత గట్టిదో, ఎటు గట్టిదో తెలుస్తుంది.

సరిగ్గా ఆ కాలంలోనే అమెరికాలో ఫైర్‌స్టోన్ అనే శాస్త్రజ్ఞుడు లోహం లోపలికి శబ్దాన్ని పంపి, పగులుకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనిని పట్టే పరికరానికి 1942లో పేటెంటు పొందాడు. అంతకు చాలాముందే రష్యాలో సొకొలోవ్ ఈ ఆలోచనకు బాట వేశాడు. వాల్తేరులో జరుగుతున్నది లోకానికి దూరంగా జరుగుతున్న పని కాదని చెప్పడానికే ఈ పేర్లు ఎత్తాను.

భగవంతం గారి పనిలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది స్ఫటికాల సౌష్ఠవం. మా ఏన్కూరు అడవి అంచు ఊరు. తల్లాడ నుంచి కొత్తగూడెం పోయే బస్సెక్కితే మా దగ్గరి నుంచే చెట్ల వరస మొదలవుతుంది. టేకు దుంగ గురించి మావాళ్లకు ఒకరు చెప్పనవసరం లేదు. పోగు వెంట గొడ్డలి దిగితే నిలువునా చీలిపోతుంది, అడ్డంగా అయితే చేతులు పడిపోతాయి. ఒకే కర్ర, ఒక దిక్కున ఒక బలం, మరో దిక్కున మరో బలం. ఎన్ని దిక్కులకు ఎన్ని అంకెలు కావాలి? గణితంలోని గ్రూపు సిద్ధాంతం దానికి జవాబు చెబుతుంది. ఏ సౌష్ఠవమూ లేని స్ఫటికానికి 21 స్థితిస్థాపక స్థిరాంకాలు కావాలి. ఘనాకార స్ఫటికానికి 3 చాలు. అన్ని దిక్కులా ఒకటిగా ఉండే వస్తువుకు 2 చాలు. ఈ లెక్కలను భౌతిక సమస్యలకు ఎలా వాడాలో వివరిస్తూ టి.వెంకటరాయుడుతో కలిసి ఆయన రాసిన గ్రంథం 1948లో వచ్చింది. 1966లో స్ఫటిక సౌష్ఠవం మీదనే మరో గ్రంథం వెలువడింది.

ఇప్పుడు గాలిమర రెక్క దగ్గరకు వద్దాం. అది అల్యూమినియం కాదు. గాజుపోగులు, కార్బను పోగులు పేర్చి రెసిన్‌తో అతికిన పొరలు. మన తేజస్ విమానం బరువులో దాదాపు 45 శాతం ఇలాంటి కార్బను మిశ్రమాలే. పోగులన్నీ ఒకే దిక్కున పరచిన పొరకు 5 స్థిరాంకాలు కావాలి. అంటే శబ్దం పోగు వెంట ఒక వేగంతో, అడ్డంగా మరో వేగంతో పోతుంది. టేకు దుంగ సంగతే. ఇది తెలియకుండా ప్రతిధ్వని వచ్చిన సమయాన్ని బట్టి లోతు లెక్క కడితే పగులు ఒకచోట ఉంటే మనం మరోచోట గుర్తుపెడతాం.

పగుళ్లను వెతకడం ఎందుకింత పెద్ద విషయమైందో రెండు ఉదాహరణలు చాలు. 1954లో రెండు కామెట్ జెట్ విమానాలు గాలిలోనే విచ్చిపోయాయి. ఎక్కిన ప్రతిసారీ, దిగిన ప్రతిసారీ గాలి ఒత్తిడి పెరిగి తగ్గి రేకు అలిసిపోయి పగిలిందని విచారణలో తేలింది. 1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల్లో అలోహా సంస్థ వారి బోయింగ్ 737 విమానానికి ఆకాశంలో పైకప్పు ఊడిపోయింది. అప్పటికి అది సుమారు 90 వేలసార్లు ఎగిరి దిగింది. ఒక విమానసేవిక ప్రాణం పోయింది. విమానం ఎక్కేటప్పుడే ఒక ప్రయాణికురాలు ఒంటిమీద పగులు చూసిందట, కాని ఎవరికీ చెప్పలేదు. తనిఖీ చేసేవారు వందల రివెట్లను ఒకదాని తర్వాత ఒకటి, తరచు రాత్రివేళ దీపపు వెలుగులో చూడాలి. వెయ్యో రివెట్టు దగ్గరకు వచ్చేసరికి ఎంతటివాడి కన్నయినా మొద్దుబారుతుంది.

ఈ అలసట మా ఊళ్లో వాళ్లకు బాగా తెలుసు. మిరపకోతలయ్యాక కల్లంలో ఆడవాళ్లు వరసగా కూర్చుని తాలుకాయ ఏరతారు. ఎర్రటి కుప్పలో తెల్లబారిన కాయను పట్టడం పొద్దున సులువే, సాయంత్రానికి కళ్లు లాగేస్తాయి. రైసుమిల్లుల్లో ఇదే పనికి సార్టెక్స్ మిషన్లు వచ్చాయి. బియ్యపు గింజ జారిపడుతుంటే కెమెరా చూస్తుంది, నల్లగింజ కనబడగానే గాలి ఊది పక్కకు నెడుతుంది. విమానం తనిఖీ యంత్రం కూడా పనిలో దీనికి పెద్దన్నే. తేడా ఏమిటంటే, మిల్లులో ఒక నల్లగింజ తప్పిపోతే అన్నంలో పంటికింద పడుతుంది, ఇక్కడ తప్పిపోతే మనుషులు పోతారు.

1990ల ఆరంభంలో అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వారు విమానం ఒంటిమీద బల్లిలా అతుక్కుని పాకుతూ రివెట్ల వరసలను పరీక్షించే రోబోను చేసి చూశారు. ఆ యూనివర్సిటీలో రోబోటిక్స్ సంస్థకు 1979లో తొలి డైరెక్టరు మన చిత్తూరు జిల్లా కాటూరు వాస్తవ్యులు రాజ్ రెడ్డి గారు కావడం మనకు గర్వకారణం. ఈనాడు డ్రోన్లు విమానం చుట్టూ తిరిగి వేలకొద్దీ ఫోటోలు తీస్తున్నాయి, కంప్యూటరు వాటిని జల్లెడ పడుతోంది. గాలిమర రెక్క కొన సెకనుకు 80 మీటర్ల దాకా వేగంతో తిరుగుతుంది. ఆ వేగంలో వానచినుకు కూడా ఉలిలా పనిచేసి ముందంచును తినేస్తుంది. పిడుగు దెబ్బలు సరేసరి. ఒకప్పుడు దానికోసం మనిషి తాడు కట్టుకుని వేలాడాల్సిందే. డ్రోను వచ్చాక ఆ ప్రమాదం చాలావరకు తప్పింది.

అయితే ఫోటో చూపేది పైచర్మాన్నే. నూనె మరకను పగులనుకోవచ్చు, నీడను గుంట అనుకోవచ్చు. పైన అందంగా ఉండి లోపల పొరలు విడిపోయి ఉండవచ్చు. అప్పుడు మళ్లీ శబ్దమే శరణ్యం. పైన జెల్ రాసి, వినబడని శబ్దాన్ని లోపలికి పంపి, ప్రతిధ్వనిని వినాలి. అల్యూమినియంలో ఆ శబ్దం సెకనుకు సుమారు 6,300 మీటర్లు పోతుంది. 50 లక్షల కంపనాల శబ్దమైతే తరంగం పొడవు మిల్లీమీటరు పైచిలుకు. అంతకన్నా బాగా చిన్న లోపాన్ని అది తేలిగ్గా పసిగట్టలేదు. ఎంత తెలివైన కంప్యూటరైనా ఈ హద్దును దాటలేదు, ఎందుకంటే అది ప్రకృతి గీసిన హద్దు. భగవంతం గారి చదువు ఇక్కడ పనికొస్తుంది.

తిరిగి ఆయన కథకు. 1948–49లో లండన్‌లో భారత హైకమిషన్‌లో శాస్త్ర విషయాల అధికారిగా ఉండి, ఆ తర్వాత ఉస్మానియాకు వచ్చారు. పోలీసు చర్య ముగిసి, బోధనాభాష ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు మారుతున్న కష్టకాలం. 1957లో బెంగుళూరు వెళ్లారు. 1961లో డి.ఎస్.కొఠారీ గారి తర్వాత రక్షణశాఖ సలహాదారయ్యారు. మరుసటి ఏడాదే చైనా యుద్ధం, 1965లో పాకిస్తాన్ యుద్ధం. క్షిపణుల పరిశోధనశాల డి.ఆర్.డి.ఎల్. 1962లో హైదరాబాదుకు తరలివచ్చింది ఆయన హయాంలోనే. లోహాల పరిశోధనశాల డి.ఎం.ఆర్.ఎల్. కూడా ఆ రోజుల్లోనే ఇక్కడ వెలిసింది. 1969లో ఆ పదవి నుంచి తప్పుకున్నారు.

ఇన్ని కుర్చీలు ఆ శాస్త్రజ్ఞుణ్ణి ప్రయోగశాలకు దూరం చేశాయా? చేశాయనే నా అభిప్రాయం. వాల్తేరులో సొంత చేతులతో స్ఫటికాలను పరీక్షించిన మనిషి ఇరవై ఏళ్లు ఫైళ్లు చూశారు. అయితే ఆయన ఆ ఫైళ్లు చూడకపోతే కొత్త దేశంలో ప్రయోగశాలలు ఎవరు నిలబెట్టేవారన్న ప్రశ్నకూ నా దగ్గర తేలిక జవాబు లేదు.

మరొక సంగతి దాచి రాయడం న్యాయం కాదు. ఆయన పుట్టపర్తి సత్యసాయిబాబా గారి భక్తుడై, చాలాకాలం ఆ తెలుగు ప్రసంగాలను ఇంగ్లీషులోకి అనువదించి వినిపించారు. మహిమలను సమర్థించినందుకు 1970లలో హేతువాదులు ఆయనను గట్టిగా నిలదీశారు. భక్తి ఎవరి సొంత విషయం వారిది. కాని పరీక్షకు నిలవనిదాన్ని ఒప్పుకోవద్దని నేర్పిన శాస్త్రవేత్త కనుక జనం ఆయన్ను ఎక్కువ అడిగారు, అడగడంలో తప్పులేదు. మహనీయుల జీవితాన్ని కూడా కుండను మోగించినట్టు మోగించి చూడటమే వారికి మనమిచ్చే గౌరవం. భగవంతం గారి శాస్త్రకృషి ఆ పరీక్షకు గట్టిగానే నిలుస్తుంది. 1989లో ఆయన కన్నుమూశారు.

మిత్రులారా, ఫిజిక్సు చదివి ఏం చేస్తావని నన్ను మా బంధువులు ఇప్పటికీ అడుగుతుంటారు. మీలో చాలామందికీ ఆ మాట అలవాటే అయ్యుంటుంది. అంతా కంప్యూటరే చేస్తుంటే ఈ తరంగాలు, ఈ స్థిరాంకాలు ఎందుకంటారు. ఇదే హైదరాబాదు పక్కన ఆదిభట్లలో హెలికాప్టర్ల ఒళ్లు తయారవుతున్నాయి, శంషాబాద్‌లో విమానాలకు మరమ్మతులు జరుగుతున్నాయి, రామగిరి కొండల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. ప్రతిచోటా యంత్రం ఒక మచ్చ చూపించి ఇది పగులంటుంది. అది నిజంగా పగులో కాదో తేల్చి కాగితం మీద సంతకం చేసేవాడు ఒకడు కావాలి. ఆ సంతకాన్ని నమ్మి వందలమంది విమానం ఎక్కుతారు. యంత్రం ఏం చూడగలదో, ఏం చూడలేదో తెలిసినవాడే ఆ సంతకానికి అర్హుడు. ఆ తెలివికి దారి ఎనభై ఏళ్ల కిందట వాల్తేరులో ఒక తెలుగు ఆచార్యుడు నడిచిన దారే. ఆయన ఒకప్పుడు నడిపించిన యూనివర్సిటీలో చదువుకుంటున్న మనం ఆ దారిని గడ్డి మొలవనీయకుండా చూసుకోవాలని, లైబ్రరీలో ఆయన పుస్తకాల మీది దుమ్ము ఒక్కసారైనా దులపాలని నా మనవి.