ఎ.ఎస్.రావు

అయ్యగారి సాంబశివరావు (సెప్టెంబరు 20, 1914 - అక్టోబరు 31, 2003) ప్రముఖ ఎలక్ట్రానిక్స్ శాస్త్రవేత్త, హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థ వ్యవస్థాపకుడు. ఎ.ఎస్.రావుగా సుప్రసిద్ధుడు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించాడు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోను, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లోను చదివాడు. 1956లో పనిచేయనారంభించిన అప్సర రియాక్టరుకు నియంత్రణ వ్యవస్థను ఈయన బృందమే రూపొందించింది.

1967లో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్. దేశంలో తొలి సాలిడ్‌స్టేట్ టీవీని తయారుచేసింది. పాత టీవీలలో వాల్వుల తంతువులను వేడిచేయడానికే చాలా విద్యుత్తు ఖర్చయ్యేది. వాటి స్థానంలో ట్రాన్సిస్టర్లు రావడంతో ఆ ఖర్చు, వేడి రెండూ తగ్గాయి. పిక్చర్ ట్యూబు మాత్రం శూన్యనాళికగానే మిగిలింది. తెర ప్రకాశవంతంగా ఉండాలంటే దానికి వేల వోల్టులు అందించక తప్పదు.

ఈ నైపుణ్యానికి అసలు పరీక్ష పల్లెలలో ఎదురైంది. 1975 ఆగస్టు 1 నుండి ఏడాదిపాటు జరిగిన సైట్ ప్రయోగంలో, ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలలో ఉపగ్రహ ప్రసారాలను నేరుగా అందుకున్న టీవీలు ఇ.సి.ఐ.ఎల్.లో తయారైనవే. నాటి ఆంధ్రప్రదేశ్‌లో ఎంపికైన జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. అక్కడ ఊరంతటికీ ఒకటే టీవీ. దుమ్మును, కరెంటు హెచ్చుతగ్గులను తట్టుకుంటూనే వెనుక కూర్చున్నవారికి సైతం బొమ్మ స్పష్టంగా కనబడాలి.

1972లో పద్మభూషణ్ పురస్కారం అందుకున్నాడు. హైదరాబాదులోని ఎ.ఎస్.రావు నగర్ ఈయన పేరున వెలసినదే.